దీర్ఘ విరామం తరువాత బరువుల సాధన: పోయిన కండరం ఎంత త్వరగా తిరిగి వస్తుంది?

మళ్లీ_మొదలు

అందరికీ నమస్కారం. చాలా ఏళ్లు క్రమం తప్పకుండా బరువులు ఎత్తిన తరువాత, ఉద్యోగ బాధ్యతల వల్ల, ఇద్దరు పిల్లల పెంపకం వల్ల నా సాధన నాలుగేళ్లకు పైగా పూర్తిగా ఆగిపోయింది. ఇప్పుడు నలభైకి దగ్గరపడుతున్నాను. శరీర బరువు దాదాపు అప్పటిలాగే ఉంది గానీ తొడలు, భుజాలు, వీపు సన్నబడ్డాయి, నడుము చుట్టుకొలత పెరిగింది. పాత శిక్షణ పుస్తకం ఇంకా నా దగ్గరే ఉంది. అందులో నా గరిష్ఠ బరువులు బార్‌ను భుజాలపై ఉంచి గుంజీ తీసే స్క్వాట్‌కు 140 కిలోలు, నేలపై ఉన్న బార్‌ను పైకెత్తే డెడ్‌లిఫ్ట్‌కు 170, వెల్లకిలా పడుకొని నెట్టే బెంచ్ ప్రెస్‌కు 100 అని రాసుకున్నాను.

వచ్చే వారం నుంచి మళ్లీ మొదలుపెట్టాలని నిశ్చయించుకున్నాను. మొదటిసారి ఆ కండరం పెంచడానికి పట్టినంత కాలమే మళ్లీ పడుతుందా, లేక కండరానికి జ్ఞాపకం ఉంటుందని జిమ్‌లలో చెప్పుకునే మాటలో నిజం ఉందా? పాత అంకెల్లో ఎన్నో వంతుతో మొదలుపెట్టడం ఉచితం? విరామానికి ముందు కుడి మోచేతి బయటివైపు అప్పుడప్పుడు నొప్పి వచ్చేది. ఇప్పుడు లేదు గానీ, బరువులు ముట్టుకోగానే తిరగబెడుతుందేమోనని భయంగా ఉంది. చదివినవారు, అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

కణకేంద్రం

జీవశాస్త్రం బోధించేవాడిని కాబట్టి మీ మొదటి ప్రశ్నకు సమాధానం చెప్పే ప్రయత్నం చేస్తాను. ఆ మాటలో నిజం ఉంది. ఎందుకు ఉందన్నదే ఇంకా చర్చలో ఉన్న విషయం.

కండరపు పోగు అంటే నిజానికి ఒకే ఒక్క పొడవైన కణం. మామూలు కణానికి ఒక కేంద్రకం ఉంటే, ఈ పోగులో వందల కొద్దీ కేంద్రకాలు ఉంటాయి. ఒక్కొక్కటి తన చుట్టూ ఉన్న కొంత భాగానికి కావలసిన ప్రోటీన్ల తయారీని చూసుకుంటుంది. బరువులతో శ్రమపెట్టినప్పుడు, పోగు అంచున నిద్రాణంగా ఉండే శాటిలైట్ కణాలు మేల్కొని విభజన చెంది, పోగులో కలిసిపోయి తమ కేంద్రకాలను దానికి ఇస్తాయి. సాధన మానేసి కండరం తగ్గిపోతే ఆ అదనపు కేంద్రకాలు కూడా నశిస్తాయని చాలాకాలం అనుకునేవారు. 2010లో ఓస్లో విశ్వవిద్యాలయంలో క్రిస్టియన్ గుండర్సెన్ బృందం ఎలుకల కండరాలను బతికి ఉండగానే సూక్ష్మదర్శినితో పరిశీలించి, శ్రమవల్ల చేరిన కేంద్రకాలు ఆ తరువాత కండరం తీవ్రంగా క్షీణించినా పోలేదని చూపింది. అదే బృందం 2013లో మరో అడుగు ముందుకు వేసింది. కొన్ని ఎలుకలకు కొద్ది రోజులు కండరం పెంచే హార్మోన్ అయిన టెస్టోస్టెరాన్ ఇచ్చి, ఆపివేసి, కండరం మామూలు పరిమాణానికి వచ్చాక మూడు నెలలు ఆగి, అప్పుడు ఆ కండరంపై అధిక భారం మోపారు. వాటి పోగులు ఆరు రోజుల్లో సుమారు 30 శాతం పెరిగాయి. ఔషధం ఎన్నడూ తీసుకోని ఎలుకల్లో అదే ఆరు రోజుల్లో చెప్పుకోదగ్గ పెరుగుదల కనిపించలేదు. నిషేధిత ఔషధం వాడిన క్రీడాకారుడికి దాని లాభం శిక్షాకాలం ముగిసిన తరువాత కూడా మిగిలి ఉంటుందేమోనన్న చర్చ ఈ ప్రయోగం వల్లే బలపడింది.

మనుషుల విషయంలో నాకు బాగా నచ్చేది అంతకంటే పాత ఫలితం. 1991లో రాబర్ట్ స్టారన్, ఆయన సహచరులు ప్రచురించిన పరిశోధనలో కొందరు మహిళలు 20 వారాలు కాళ్లకు భారీ బరువులతో శిక్షణ పొంది, 30 వారాలకు పైగా పూర్తిగా మానేసి, మళ్లీ ఆరు వారాలు శిక్షణ పొందారు. పోయినదాంట్లో అధికభాగం ఆ ఆరు వారాల్లోనే తిరిగి వచ్చింది. కాబట్టి మీరు శూన్యం నుంచి మొదలుపెట్టడం లేదు. నాలుగేళ్లంటే ఆ ప్రయోగాల్లోని విరామాల కంటే చాలా ఎక్కువే గానీ, మీరు సాధన చేసిన ఏళ్లు కూడా వాటికంటే ఎన్నో రెట్లు ఎక్కువ.

ఓర్పు_ఫిజియో

పైన రాసినదానితో నాకు విభేదం లేదు. కానీ ఫిజియోథెరపిస్టుగా నా దగ్గరకు వచ్చేవారిలో గణనీయమైన భాగం సరిగ్గా ఈ సంతోషకరమైన వార్త విని మొదలుపెట్టినవారే కాబట్టి, దాని రెండో పార్శ్వం చెప్పక తప్పదు. కండరం త్వరగా తిరిగి వస్తుంది. కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే స్నాయువు అంత త్వరగా రాదు.

స్నాయువు ప్రధానంగా కొల్లాజెన్ అనే ప్రోటీన్‌తో తయారైన కణజాలం. రక్తప్రసరణ తక్కువ, మార్పు నెమ్మది. 1950, 60 దశకాల అణ్వస్త్ర పరీక్షల వల్ల వాతావరణంలో పెరిగిన కార్బన్ 14 అనే రేడియోధార్మిక కార్బన్ ఆధారంగా డెన్మార్క్ పరిశోధకులు 2013లో మడమ వెనుక ఉండే అకిలిస్ స్నాయువు వయసును లెక్కగట్టారు. దాని మధ్యభాగం దాదాపు పదిహేడేళ్ల వయసు వరకు ఏర్పడి, ఆ తరువాత జీవితమంతా పెద్దగా పునర్నిర్మాణం జరగకుండానే ఉండిపోతుందని వారు తేల్చారు. శ్రమకు స్నాయువు అసలు స్పందించదని దీని అర్థం కాదు. శిక్షణతో దాని దృఢత్వం పెరుగుతుంది, అయితే కండరబలం రెండు నెలల్లో స్పష్టంగా పెరిగిన చోట స్నాయువు దృఢత్వం పెరగడానికి మూడు నెలలు పట్టినట్టు జపాన్‌లో కెయితారో కుబో బృందం చేసిన ప్రయోగంలో కనిపించింది. శిక్షణ ఆపినప్పుడు మాత్రం బలం నిలిచి ఉండగానే స్నాయువు దృఢత్వం ముందుగా తగ్గిపోయింది.

ఈ రెండు ఫలితాలను పక్కపక్కన పెట్టి చూడండి. కొత్తగా జిమ్‌కు వచ్చిన వ్యక్తికి కండరమూ బలహీనమే, స్నాయువూ బలహీనమే. కండరం కాస్త ముందున్నా రెండింటి మధ్య అంతరం పెద్దగా ఉండదు కాబట్టి అతడు సాధారణంగా తనకు హాని చేసేటంత బరువు ఎత్తలేడు. తిరిగి వచ్చిన వ్యక్తి పరిస్థితి వేరు. ఐదారు వారాల్లో అతడి కండరం, నాడీవ్యవస్థ పెద్ద బరువులు మోయగల స్థితికి వస్తాయి, కదలిక చక్కగా గుర్తుంటుంది, ఉత్సాహం తోడవుతుంది. మోకాలి చిప్ప కింది స్నాయువు, మోచేతి దగ్గర ముంజేతి కండరాలు ఎముకకు అతుక్కునే చోటు, భుజం కీలును చుట్టి పట్టి ఉంచే రొటేటర్ కఫ్ స్నాయువులు మాత్రం ఆ భారానికి ఇంకా సిద్ధంగా ఉండవు. నా దగ్గరకు వచ్చేవారు మొదటి వారంలో రారు, రెండో మూడో నెలలో వస్తారు. మీ మోచేతి చరిత్ర తెలిశాక నా సలహా ఒక్కటే: పెంపు వేగాన్ని కండరం చెప్పినట్టు కాకుండా స్నాయువు చెప్పినట్టు నిర్ణయించండి.

ఇనుపబాట

శిక్షకుడిగా ఆచరణ సంగతి నేను రాస్తాను. పాత గరిష్ఠ బరువుల్లో ఎన్నో వంతుతో మొదలుపెట్టాలని అడిగారు. నాలుగేళ్ల తరువాత ఆ అంకెలను ఆధారంగా తీసుకోవద్దని నా అభిప్రాయం. ఆ పుస్తకాన్ని దాచుకోండి గానీ మొదటి రెండు నెలలు జిమ్‌కు తీసుకెళ్లకండి. ఖాళీ బార్‌తో మొదలుపెట్టి, ఎనిమిది నుంచి పది సార్లు ఎత్తాక ఇంకా నాలుగైదు సార్లు శుభ్రంగా ఎత్తగలనని నమ్మకంగా అనిపించే బరువు దగ్గర ఆగిపోండి. అదే మీ ఆరంభం. అది పాత అంకెలో మూడో వంతు కావచ్చు, సగం కావచ్చు, ఏదైనా ఫరవాలేదు. వారానికి రెండు లేదా మూడు రోజులు, ప్రతి రోజూ శరీరం మొత్తానికి, ఒక్కో వ్యాయామానికి రెండు సెట్లు (ఆగకుండా వరుసగా ఎత్తే ఒక విడతే ఒక సెట్టు) మొదటి రెండు వారాలకు పూర్తిగా సరిపోతాయి.

మొదటి రోజే చాలా సెట్లు చేయకపోవడానికి నొప్పులు మాత్రమే కారణం కాదు. అలవాటు తప్పిన కండరాన్ని, ముఖ్యంగా బరువును దించే దశలో, ఒక్కసారిగా అతిగా శ్రమపెడితే పోగులు విచ్ఛిన్నమై వాటిలోని పదార్థాలు రక్తంలోకి చేరి మూత్రపిండాలను దెబ్బతీసే రాబ్డోమయోలిసిస్ అనే స్థితి రావచ్చు. అది అరుదే. అయినా విరామం తరువాతి మొదటి రోజులు దానికి బాగా అనువైన సమయం. అమెరికాలోని రెండు ప్రధాన శిక్షకుల సంఘాలు 2019లో కలిసి విడుదల చేసిన మార్గదర్శకాల్లో, విరామం నుంచి తిరిగి వచ్చే క్రీడాకారుల కండిషనింగ్ (పరుగు వంటి దమ్ము పెంచే శిక్షణ) పరిమాణాన్ని మొదటి వారం కనీసం 50 శాతం, తరువాతి వారాల్లో 30, 20, 10 శాతం చొప్పున తగ్గించి ఉంచాలని చెప్పింది ఇలాంటి ప్రమాదాలను దృష్టిలో పెట్టుకొనే. వ్యాయామం తరువాత కండరం విపరీతంగా వాచి, ఊహించినదానికంటే చాలా ఎక్కువ నొప్పి, బలహీనత ఉండి, మూత్రం ముదురు గోధుమ రంగులోకి మారితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. మామూలు నొప్పి అయితే ఒకటి నుంచి మూడు రోజుల్లో హెచ్చు స్థాయికి చేరి తగ్గిపోతుంది. అదే వ్యాయామం రెండోసారి చేసినప్పుడు నొప్పి చాలా తక్కువగా ఉంటుంది. ఈ రక్షణ ఏర్పడటానికి మొదటిసారి తేలికపాటి శ్రమ కూడా చాలు. అందుకే మొదటి రోజు చాలా తక్కువే చేశానని అనిపిస్తే ఆ రోజు సరిగ్గా జరిగిందని అర్థం.

బరువులతో కోలుకోవడం కొత్త ఆలోచన కాదని కూడా చెప్పాలి. రెండో ప్రపంచయుద్ధ కాలంలో గాయపడిన సైనికుల మోకాళ్ల చుట్టూ క్షీణించిన కండరాలకు థామస్ డిలోర్మ్ అనే అమెరికా సైనిక వైద్యుడు క్రమంగా పెరిగే బరువులతో వ్యాయామం చేయించి 1945లో ఆ పద్ధతిని ప్రచురించారు. తరువాత ఆయన, ఆర్థర్ వాట్కిన్స్ కలిసి దాన్ని మూడు సెట్లకు కుదించారు. పది సార్లు మాత్రమే ఎత్తగలిగే బరువులో సగంతో ఒక సెట్టు, ముప్పావుతో ఒకటి, పూర్తి బరువుతో ఒకటి. తేలిక సెట్లు ముందుగా రావడం వల్ల కీళ్లు, స్నాయువులు వేడెక్కుతాయి. తిరిగి మొదలుపెట్టేవారికి ఇంతకంటే మేలైన అమరిక నాకు ఇంకా కనిపించలేదు.

సందేహి

కణకేంద్రం గారు రాసినదాన్ని గౌరవిస్తూనే కొన్ని అభ్యంతరాలు చెప్పాలనుకుంటున్నాను. ఎలుకల కండరంలో మూడు నెలలు నిలిచిన కేంద్రకాలు మనిషి కండరంలో నాలుగేళ్లు నిలుస్తాయని చెప్పడానికి మన దగ్గర ప్రత్యక్ష ఆధారం లేదు. ఎలుకల్లోనే వేరే పద్ధతులతో చేసిన కొన్ని ప్రయోగాల్లో కేంద్రకాలు తగ్గినట్టు కూడా కనిపించింది. 2019లో నిక్లాస్ సిలాండర్ బృందం మనుషులపై చేసిన ప్రయోగం చూడండి. ఒక కాలికి మాత్రమే 10 వారాలు శిక్షణ, 20 వారాల విరామం, ఆ తరువాత రెండు కాళ్లకూ 5 వారాల శిక్షణ. మొదటి దశలో కేంద్రకాల సంఖ్య చెప్పుకోదగ్గంతగా పెరగనేలేదు. చివరి దశలో ముందే శిక్షణ పొందిన పాత కాలు, మొదటిసారి శిక్షణ పొందుతున్న కాలి కంటే వేగంగా లావెక్కలేదు. బలంలో మాత్రం పాత కాలికి కొంత మిగులు ఉండిపోయింది.

దీన్నిబట్టి నాకు తోచేది ఏమిటంటే, జిమ్‌లో మనం జ్ఞాపకం అని పిలిచేదాంట్లో పెద్ద భాగం నాడీవ్యవస్థది. స్క్వాట్ ఎలా చేయాలో, ఏ కండరాలను ఏ క్రమంలో బిగించాలో మెదడు, వెన్నుపాము మరిచిపోవు. మరో భాగం కేవలం నీరు. శిక్షణ పొందిన కండరం నిల్వ చక్కెర అయిన గ్లైకోజెన్‌ను ఎక్కువగా దాచుకుంటుంది, ప్రతి గ్రాము గ్లైకోజెన్‌తో పాటు సుమారు మూడు గ్రాముల నీరు నిలుస్తుంది. సాధన ఆపిన వారాల్లో కండరం చప్పబడినట్టు కనిపించడానికీ, మళ్లీ మొదలుపెట్టిన రెండు వారాల్లోనే నిండినట్టు కనిపించడానికీ ఇది చాలావరకు కారణం. దాన్ని కొత్త కండరంగా భావించి బరువులు పెంచడం ప్రమాదకరం.

కణకేంద్రం

సందేహి గారి అభ్యంతరాలు న్యాయమైనవే, ముఖ్యంగా నీటి సంగతి. ఎలుకల ఫలితాన్ని నాలుగేళ్లకు పొడిగించలేమన్నదీ ఒప్పుకుంటాను. అయితే కథ అక్కడితో ఆగలేదు. 2024లో క్రిస్టోఫర్ కమింగ్, గుండర్సెన్, ట్రూల్స్ రాస్టాడ్ తదితరులు మనుషుల్లో ఒక చేతి కండరానికి 10 వారాలు శిక్షణ ఇచ్చి 16 వారాలు ఆపినప్పుడు, పోగుల్లో పెరిగిన కేంద్రకాలు విరామం తరువాత కూడా నిలిచి ఉన్నట్టు చూపారు. సిలాండర్ ప్రయోగంలో మొదట పెరగనేలేదు కాబట్టి, నిలవడం నిలవకపోవడం అన్న ప్రశ్నే అక్కడ తలెత్తలేదు.

రెండోది, కేంద్రకాల సంఖ్య ఒక్కటే జ్ఞాపకానికి ఆధారం కానక్కరలేదు. 2018లో ఆడమ్ షార్ప్లెస్ బృందం ఎనిమిది మంది పురుషులకు ఏడు వారాల శిక్షణ, ఏడు వారాల విరామం, మళ్లీ ఏడు వారాల శిక్షణ ఇచ్చింది. కాళ్లలోని కొవ్వు రహిత భారం మొదటి దశలో సుమారు 6.5 శాతం పెరిగి, విరామంలో దాదాపు మొదటి స్థాయికి తగ్గి, రెండో దశలో ఆరంభంతో పోలిస్తే 12.4 శాతానికి చేరింది. కొన్ని జన్యువులపై ఉండి వాటి పనిని తగ్గించే మిథైల్ గుర్తులు అనే రసాయన గుర్తులు మొదటి శిక్షణలో తొలగిపోయి, కండరం తగ్గిపోయిన విరామకాలంలో కూడా తిరిగి రాలేదు. అంటే ఆ జన్యువులు రెండోసారి సులువుగా పనిచేయడానికి సిద్ధంగా ఉండిపోయాయి. పాల్గొన్నవారు కొద్దిమంది, కాలం తక్కువ, నిజమే. కానీ నాడులు, కేంద్రకాలు, జన్యువుల గుర్తులు అన్నవి ఒకదానికొకటి పోటీ కావు. నా అంచనాలో మూడూ కలిసే పనిచేస్తాయి.

సందేహి

అంతవరకు ఒప్పుకుంటాను. ఓర్పు_ఫిజియో గారు చెప్పిన జాగ్రత్తకు మన వాదంలో ఎవరు గెలిచినా తేడా రాదని మాత్రం గమనించండి. బలం నాడుల వల్ల తిరిగి వచ్చినా కేంద్రకాల వల్ల వచ్చినా, స్నాయువు వెనకే ఉంటుంది. నాడుల వాటా నేననుకున్నంత పెద్దదైతే ఆ అంతరం ఇంకా ముందుగా, మొదటి మూడు నాలుగు వారాల్లోనే ఏర్పడుతుంది.

అరవై_దాటాక

చర్చ శ్రద్ధగా చదువుతున్నాను. నా సందర్భం కొంచెం వేరు. అరవై రెండేళ్ల వయసులో కాలి ఎముక విరిగి కట్టులో ఉండవలసి వచ్చింది. కట్టు విప్పినప్పుడు ఆ తొడ రెండో తొడ పక్కన పరాయిదానిలా కనిపించింది. అంతకు ముందు చాలా ఏళ్లుగా బరువులు ఎత్తే అలవాటు ఉంది. ఇప్పుడు నడక బాగానే ఉంది, వైద్యులు బరువుల వ్యాయామానికి అనుమతి ఇచ్చారు. ఈ వయసులో కూడా ఆ జ్ఞాపకం పనిచేస్తుందా? నలభైలో ఉన్నవారికి చెప్పిన సలహాలే నాకూ వర్తిస్తాయా?

ఓర్పు_ఫిజియో

అమ్మా, ముందుగా ఒక విషయం. కట్టులో పోయే కండరం, మామూలుగా సాధన మానేసినప్పుడు పోయే కండరం ఒక తీరున పోవు. సాధన మానేసినవారు కూడా నడుస్తారు, మెట్లెక్కుతారు, కుర్చీలోంచి లేస్తారు. కట్టులో ఉన్న కాలికి అది కూడా ఉండదు. ఆరోగ్యవంతులైన యువకుల మోకాలిని కట్టుతో కదలకుండా ఉంచినప్పుడు తొడ ముందు కండరం ఐదు రోజుల్లో సుమారు 3.5 శాతం, పద్నాలుగు రోజుల్లో 8 శాతానికి పైగా తగ్గిందనీ, బలం పద్నాలుగు రోజుల్లో దాదాపు 23 శాతం పడిపోయిందనీ నెదర్లాండ్స్‌లో చేసిన పరిశోధన చెబుతోంది. పెద్ద వయసువారిలో పది రోజుల పూర్తి మంచం విశ్రాంతికే కాళ్ల నుంచి దాదాపు ఒక కిలో కొవ్వు రహిత భారం పోయినట్టు 2007లో అమెరికాలో తేలింది. మీ తొడ అంతగా సన్నబడటంలో ఆశ్చర్యం లేదు, అది మీ లోపమూ కాదు.

తిరిగి వస్తుందా అంటే, తప్పకుండా వస్తుంది. 1990లో మరియా ఫియాటరోన్ బృందం 86 నుంచి 96 ఏళ్ల మధ్య వయసున్న వృద్ధాశ్రమవాసులకు ఎనిమిది వారాలు గట్టి బరువులతో కాళ్ల వ్యాయామం చేయించింది. శిక్షణ పూర్తిచేసినవారి బలం సగటున 174 శాతం పెరిగింది, తొడ కండరం పరిమాణం కూడా పెరిగింది. వారంతా బరువులకు కొత్తవారు. మీకు వెనక ఏళ్ల అనుభవం ఉంది.

తేడా నిలబెట్టుకోవడంలో ఉంటుంది. 2011లో అమెరికాలోని అలబామాలో చేసిన ప్రయోగంలో 20 నుంచి 35 ఏళ్లవారు శిక్షణ పరిమాణాన్ని తొమ్మిదో వంతుకు తగ్గించినా 32 వారాల పాటు పెరిగిన కండరాన్ని నిలుపుకున్నారు. 60 నుంచి 75 ఏళ్లవారికి మూడో వంతు పరిమాణం కూడా కండర పోగుల పరిమాణాన్ని నిలపడానికి సరిపోలేదు. బలం మాత్రం చాలావరకు నిలిచింది. అందుకే మీకు నా సలహా వేగం గురించి కాదు, ఎడతెగకుండా చేయడం గురించి. వారానికి రెండు రోజులు చేయండి, వాటిని మాత్రం తగ్గించకండి. గాయపడిన కాలికి ఒంటికాలి వ్యాయామాలు విడిగా చేయించండి. రెండు కాళ్లతో కలిసి చేసే వ్యాయామంలో బలమైన కాలు తెలియకుండానే ఎక్కువ భారం తీసుకుంటుంది.

కట్టులో ఉన్నవారెవరైనా ఇది చదువుతుంటే ఒక మాట. బాగున్న వైపు అవయవానికి వ్యాయామం ఆపకండి. ఒక చేతికి శిక్షణ ఇస్తే రెండో చేతి బలం కూడా కొంత పెరుగుతుందని యేల్ విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ స్క్రిప్చర్ 1894లోనే గమనించారు. కట్టులో ఉన్న వైపు బలం మరీ పడిపోకుండా ఇది కొంత కాపాడుతుంది.

అరవై_దాటాక

ధన్యవాదాలు. రెండు కాళ్లతో లెగ్ ప్రెస్ (మెషీన్‌లో కాళ్లతో బరువును నెట్టడం) చేస్తున్నప్పుడు నడుము ఒకవైపుకు ఒరుగుతోందని నాకు అనుమానంగా ఉండేది. కారణం ఇప్పుడు అర్థమైంది. రేపటి నుంచి ఒంటికాలితో చేస్తాను.

ఇనుపబాట

ఆహారం గురించి ఎవరూ అడగలేదు గానీ క్లుప్తంగా రాస్తాను. బరువుల సాధనతో పాటు శరీర బరువులో కిలోకు రోజుకు సుమారు 1.6 గ్రాముల ప్రోటీన్ దాటితే కండరం పెరుగుదలలో అదనపు లాభం పెద్దగా ఉండదని 2018లో అనేక పరిశోధనలను కలిపి చేసిన విశ్లేషణ చెబుతోంది. పెద్దలకు సాధారణ కనీస అవసరంగా చెప్పే 0.8 గ్రాములకు ఇది రెట్టింపు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు వైద్యుని అడగకుండా పెంచకూడదు. పొడిగా దొరికే పోషక పదార్థం క్రియాటిన్ మోనోహైడ్రేట్ రోజుకు 3 నుంచి 5 గ్రాములు చాలామందికి కొంత తోడ్పడుతుంది. సందేహి గారు చెప్పిన నీటి బరువు దానితో ఇంకాస్త పెరుగుతుంది, కాబట్టి తూకం చూసి భ్రమపడవద్దు. వీటన్నిటికంటే నిద్ర ముఖ్యం. చిన్నపిల్లలున్న ఇంట్లో అది ఎంత కష్టమో తెలిసే చెబుతున్నాను.

విరామం_తప్పదు

ఒక సందేహం. ఇంత సులువుగా తిరిగి వచ్చేటట్టయితే విరామాల గురించి ఇంత భయపడటం ఎందుకు? పరీక్షల కాలంలో నేను ఏటా రెండు మూడు నెలలు ఆపవలసి వస్తుంది. ప్రతిసారీ అంతా పోయిందని కుంగిపోతాను.

కణకేంద్రం

రెండు మూడు నెలల విషయంలో కుంగిపోవలసిన అవసరం లేదు. ఫిన్లాండ్‌లోని యివాస్కిలా విశ్వవిద్యాలయం 2024లో ప్రచురించిన పరిశోధనలో ఒక బృందం 20 వారాలు ఆపకుండా సాధన చేసింది. మరో బృందం 10 వారాలు చేసి, 10 వారాలు మానేసి, మళ్లీ 10 వారాలు చేసింది. చివరికి బలంలోనూ కండర పరిమాణంలోనూ రెండు బృందాలూ దాదాపు సమానంగా నిలిచాయి. విరామంలో పరిమాణం కంటే బలం మెరుగ్గా నిలిచింది. తిరిగి మొదలుపెట్టిన సుమారు ఐదు వారాల్లోనే విరామానికి ముందున్న స్థాయి వచ్చేసింది. అయితే రెండో బృందం అదే చోటికి చేరడానికి క్యాలెండర్ ప్రకారం పది వారాలు ఎక్కువ పట్టిందన్నది మరవకూడదు. పాల్గొన్నవారు వయసు మళ్లినవారు కాదు. అరవై దాటిన వారికి ఈ ధైర్యాన్ని నేను ఇవ్వను, కారణం ఓర్పు_ఫిజియో గారు పైన రాశారు.

పరీక్షల కాలంలో కూడా వారానికి ఒక్క రోజు, ప్రధాన వ్యాయామాలకు ఒక్కో గట్టి సెట్టు చేయగలిగితే మీ వయసులో నష్టం దాదాపు ఉండదు. పైన చెప్పిన తొమ్మిదో వంతు అంటే అంతే.

మళ్లీ_మొదలు

అందరికీ కృతజ్ఞతలు. ప్రశ్న అడిగి రెండు నెలలు దాటింది కాబట్టి జరిగింది తెలియజేస్తున్నాను. ఖాళీ బార్‌తో మొదలుపెట్టి డిలోర్మ్ పద్ధతిలోనే కొనసాగుతున్నాను. మొదటి రెండు వారాలు అసంతృప్తిగా అనిపించినా తరువాత మార్పు నిజంగా వేగంగా వచ్చింది. స్క్వాట్‌లో ఇప్పుడు 90 కిలోలతో పది సార్లు శుభ్రంగా వస్తోంది, భుజాల దగ్గర చొక్కా మళ్లీ బిగుతైంది. ఇంకా బరువు వేయమని కాళ్లు అడుగుతున్నట్టే ఉంది.

ఒక్క ఇబ్బంది. గత వారం డెడ్‌లిఫ్ట్ 100 కిలోలకు పెంచిన తరువాత కుడి మోచేతి బయటివైపు ఆ పాత నొప్పి తేలికగా కనిపించింది. ఎత్తేటప్పుడు పదిలో మూడు అనవచ్చు. మరుసటి ఉదయం తలుపు గడియ తిప్పేటప్పుడు కూడా తెలిసింది, ఆ సాయంత్రానికి తగ్గింది. కడ్డీకి వేలాడి పైకి లాక్కునే పుల్ అప్స్ చేసిన రోజు కూడా అంతే. అన్నీ ఆపివేయాలా? ఈ నెలాఖరుకు ఒకసారి గరిష్ఠ బరువు పరీక్షించుకోవాలని ఉంది, అది కూడా మానుకోవాలా?

ఓర్పు_ఫిజియో

అన్నీ ఆపవద్దు. పూర్తి విశ్రాంతి ఇస్తే నొప్పి తగ్గుతుంది గానీ స్నాయువు ఇంకా బలహీనపడుతుంది. మళ్లీ మొదలుపెట్టినప్పుడు ఇదే చోటికి వస్తారు. వ్యాయామం చేసేటప్పుడు పదిలో మూడు నాలుగు వరకు నొప్పిని సాధారణంగా సహించవచ్చు, కానీ అది మరుసటి ఉదయానికి మామూలు స్థాయికి దిగిపోవాలి. మీకు ఉదయం కూడా ఉంది కాబట్టి భారం కొంచెం ఎక్కువైందని స్పష్టమవుతోంది. ఎక్కువైంది మీ కాళ్లకో వీపుకో కాదు, పట్టుకు. మోచేతి బయటివైపు అతుక్కునే కండరాలు మణికట్టును నిలబెట్టేవి. డెడ్‌లిఫ్ట్, పుల్ అప్స్, రోయింగ్ అన్నీ కలిపి వారంలో ఎన్ని సెట్లు గట్టిగా పట్టుకుంటున్నారో లెక్కవేయండి, మీరు ఊహించినదానికంటే ఎక్కువ ఉంటాయి.

స్క్వాట్, లెగ్ ప్రెస్, బెంచ్ ప్రెస్ ఇప్పటిలాగే నెమ్మదిగా పెంచుకోండి. డెడ్‌లిఫ్ట్ 80 కిలోలకు దించి మూడు వారాలు అక్కడే ఉంచండి, లేదా ఆ మూడు వారాలు బార్‌ను మణికట్టుకు కట్టే పట్టీలు వాడండి. పుల్ అప్స్ బదులు అరచేతులు ఎదురెదురుగా ఉండే పట్టుతో మెషీన్ మీద తేలికగా లాగండి. దీనితో పాటు రోజు విడిచి రోజు, ముంజేతిని బల్లమీద ఆనించి అరచేయి కిందికి ఉండేలా చిన్న డంబెల్ పట్టుకొని, మణికట్టును వంగకుండా, కదలకుండా ముప్పై నుంచి నలభై ఐదు సెకన్ల పాటు నిలిపి ఉంచండి, నాలుగైదు సార్లు. రెండు వారాలు ఉదయపు నొప్పి లేకుండా గడిస్తే అదే డంబెల్‌ను నెమ్మదిగా ఎత్తి దించడం మొదలుపెట్టండి. చేతి వేళ్లలో తిమ్మిరి గానీ, రాత్రి నిద్ర లేపే నొప్పి గానీ ఉంటే వీటిలో ఏదీ చేయకుండా ముందు ఎవరికైనా ప్రత్యక్షంగా చూపించుకోండి.

గరిష్ఠ బరువు పరీక్ష విషయంలో, స్క్వాట్, బెంచ్ ప్రెస్‌లకు నాలుగో నెల చివర ఐదు సార్లు ఎత్తగలిగే బరువును చూసుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. డెడ్‌లిఫ్ట్‌కు మాత్రం తేదీ పెట్టుకోవద్దు. 100 కిలోలు పట్టీలు లేకుండా ఎత్తిన మరుసటి ఉదయం గడియ తిప్పేటప్పుడు ఏమీ తెలియని రోజులు వరుసగా నాలుగు వారాలు వచ్చాక ఇక్కడ రాయండి, అప్పుడు ఐదైదు కిలోలు పెంచే క్రమం ఆలోచిద్దాం.

మళ్లీ_మొదలు

సరే, అలాగే చేస్తాను. పట్టుకు సంబంధించిన సెట్లు లెక్కవేస్తే వారానికి ఇరవై రెండు తేలాయి. వాటిని పన్నెండుకు తగ్గించాను. పట్టీలు కాకుండా 80 కిలోలనే ఎంచుకున్నాను.